వంటింటి తడిచెత్తతో మేడమీది తోట: బెంగళూరు ఇళ్లకు సరిపోయే పద్ధతి

బెంగళూరులో మేడమీదో బాల్కనీలోనో నాలుగు కుండీలు పెట్టుకున్నవారు తరచుగా అడిగే ప్రశ్నలు రెండు. కూరగాయల తొక్కలను నేరుగా మొక్కల మొదట్లో వేయవచ్చా అన్నది మొదటిది. ఎరువు చేద్దామని డబ్బాలో వేస్తే వాసన, పురుగులు ఎందుకు వస్తున్నాయన్నది రెండవది. మొదటిదానికి జవాబు చిన్నది: కుండీలో వేయకూడదు. పచ్చి తొక్కలు కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు చుట్టూ ఉన్న మట్టిలోని గాలిని వాడేసుకుంటాయి, ఆమ్లాలు పుడతాయి, లేత వేళ్లు దెబ్బతింటాయి. వాటితోపాటు చీమలు, బొద్దింకలు, చివరకు ఎలుకలు కూడా చేరతాయి. రెండవ ప్రశ్నకు జవాబు కాస్త పొడవైనది. అయితే దాని సారమంతా ఎండాకులోనే ఉంది. డబ్బా చెడిపోయిందని చెప్పేవారిలో పదికి తొమ్మిదిమంది తొక్కలు వేశారే గాని, వాటికి సరిపడా ఎండాకులు వేయలేదు.

సిద్ధాంతం ఎక్కువ అక్కరలేదు. చెత్తను ఎరువుగా మార్చే సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కర్బనం కావాలి. కూరగాయల తొక్కల్లో ఈ లెక్క సుమారు 15 నుంచి 20 దగ్గరే ఆగుతుంది, ఎండాకుల్లో 40 నుంచి 80 వరకు ఉంటుంది. రెండూ కలిస్తే లెక్క సరిపోతుంది, తడి కూడా అదుపులో ఉంటుంది. ఈ నగరంలో తడిచెత్తను, పొడిచెత్తను వేరుచేసి ఇవ్వడం ఎప్పటినుంచో అలవాటైంది కనుక, తడిచెత్తను విడదీసే శ్రమ మీకు కొత్తగా ఏమీ ఉండదు.

ఏమేమి కావాలి

మూతగల 50 లేదా 60 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు కావాలి. ఒకటి నిండుతుండగా మరొకటి మాగుతుంది. ఒక్కదానితో మొదలుపెట్టినవారు అది నిండిన రోజున ఏమి చేయాలో తోచక మానేస్తారు. పాత పెయింటు బకెట్లు వాడదలచుకుంటే నీటితో కలిపే పెయింటు బకెట్లనే శుభ్రంగా కడిగి వాడండి. ఒకదానిపై ఒకటి పేర్చే మట్టి కుండలు కూడా బాగా పనిచేస్తాయి. మట్టి తడిని పీల్చుకుంటుంది కనుక వాటిలో వాసన తక్కువ, కాని ధర ఎక్కువ, పైగా మేడమెట్లమీద మోయడం కష్టం.

వీటితోపాటు నాలుగు ఇటుకలు, అడుగున పెట్టడానికి ఒక పాత పళ్లెం, కలపడానికి చిన్న బొరిగె లేదా గట్టి కర్ర, జల్లెడ, రెండు గుప్పెళ్ల పాత కంపోస్టు లేదా పేడ కావాలి. పాత కంపోస్టు దొరకకపోతే గ్లాసుడు పుల్లమజ్జిగను లీటరు నీటిలో కలిపి చల్లినా పని మొదలవుతుంది. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన అర్క మైక్రోబియల్ కన్సార్షియం అనే సూక్ష్మజీవుల మిశ్రమం మట్టిలో కలిపి మొక్కలకు వాడవలసినది, డబ్బాలో పోయవలసినది కాదు. రెండూ ఒకటేననుకోకండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది గోనెసంచి నిండా ఎండాకులు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ నగరపు రోడ్లమీద కానుగ, నిద్రగన్నేరు చెట్లు రాల్చే ఆకును చూస్తే ఎండాకు కొనుక్కోవలసి రావడం విడ్డూరంగా అనిపిస్తుంది. ఉదయం రోడ్లు ఊడ్చేవారు కుప్పలు చేసినప్పుడు అడిగితే సంతోషంగా ఇస్తారు. అప్పుడే ఐదారు సంచులు నింపి, వాన తగలని చోట పెట్టుకుంటే వానకాలమంతా నిశ్చింతగా ఉండవచ్చు. మామిడి, పనస ఆకులు మందం కనుక చేతితో నలిపి వేయాలి. నీలగిరి ఆకు మాత్రం వద్దు, దాని నూనె వల్ల కుళ్లడం ఆలస్యమవుతుంది.

ఎండాకు దొరకని అపార్టుమెంటువారు కోడిగుడ్ల అట్టలను ముక్కలుగా చింపి వేయవచ్చు. నిగనిగలాడే రంగుల కాగితం కాకుండా మామూలు వార్తాపత్రికను సన్నగా చింపి వేయవచ్చు. కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) కూడా వేయవచ్చు. కార్తికమాసపు చివరి సోమవారం బసవనగుడిలో జరిగే వేరుశనగకాయల జాతర, కడలెకాయి పరిషె నుంచి సంచుల కొద్దీ వేరుశనగకాయలు తెచ్చుకుంటాం కదా, ఆ పచ్చికాయల పొట్టు చాలా మంచి సరుకు, డబ్బా లోపల గాలికి చోటిస్తుంది. ఉప్పువేసి ఉడికించిన కాయల పొట్టును మాత్రం పక్కన పెట్టండి. పక్కింట్లో వడ్రంగి పని జరుగుతోందని రంపపు పొట్టు తెచ్చుకునే ముందు అది ప్లైవుడ్‌ది కాదని తేల్చుకోండి. ఇప్పటి ఇళ్లలో అలమరలన్నీ ప్లైవుడ్‌వే, అందులో ఉండే జిగురు మన కూరగాయల కుండీలోకి రావలసినది కాదు.

ఏది వేయాలి, ఏది వేయకూడదు

కూరగాయల తొక్కలు, వంకాయ ముచ్చికలు, తోటకూర వేళ్లు, గోంగూర పుల్లలు, కరివేపాకు ఈనెలు, పండ్ల తొక్కలు, కాఫీపిప్పి, వాడిన టీపొడి, దేవుడి దగ్గర వాడిపోయిన పూలు (దారం తీసేసి) వేయవచ్చు. టీపొడిలో పాలు, చక్కెర అంటి ఉంటే ఒకసారి కడగాలి. నానబెట్టి పిండిన చింతపండు పిప్పిని కొద్దిగా వేయవచ్చు, ఉప్పువేసి మరిగించినదైతే వద్దు. నిమ్మ, బత్తాయి తొక్కలు రోజూ గుప్పెడు మించకుండా ఉంటే నష్టం లేదు. డిసెంబరు, జనవరిలో అవరెకాయల (ఒక చిక్కుడు జాతి కాయల) కాలం వచ్చినప్పుడు పూటకు బుట్టెడు తొక్కు పోగవుతుంది. అది నత్రజని పుష్కలంగా ఉన్న సరుకే గాని ఒకేసారి డబ్బాలో కుక్కితే ఒక్కరోజులో వేడెక్కి ముద్దవుతుంది. పరిచి ఒకపూట వాడనిచ్చి, మామూలుకంటే ఎక్కువ ఎండాకుతో మూడునాలుగు రోజులమీద సర్దాలి. పనసపండు పీచుకూ ఇదే నియమం.

నూనె, ఉప్పు పడిన కూరలు, పచ్చళ్ల అడుగు, చేప, మాంసం, ఎముకలు, పాలు, పెరుగు వద్దు. పుల్లమజ్జిగ మొదట్లో ఒకసారి చల్లడానికే. మిగిలిన అన్నం గుప్పెడైతే ఉప్పు లేకుండా కడిగి, రెట్టింపు ఎండాకు కలిపి వేయవచ్చు. రోజూ అన్నం మిగిలే ఇంట్లో సరిచేసుకోవలసినది కొలత, డబ్బా కాదు. కొబ్బరిచిప్పలు, మామిడి టెంకలు ఏళ్లు గడిచినా చివకవు. తెగులు సోకిన టమాటా మొక్కలు, వైరస్ పట్టిన బెండ ఆకులు కూడా వేయవద్దు. పెద్ద కుప్పలో 55 నుంచి 65 డిగ్రీల వేడి పుట్టి రోగక్రిములు చస్తాయి. మన 50 లీటర్ల డబ్బాలో అంత వేడి నిలవదు.

పని వరుస

1. డ్రమ్ము పక్కలకు అరచేయి వెడల్పు దూరంలో చిటికెనవేలు దూరేంత రంధ్రాలు వేయించండి, అడుగున ఐదారు చాలు. ఎలుకల బెడద ఉన్న చోట రంధ్రాల లోపల సన్నని ఇనుప జాలీ అమర్చుకోవాలి, ప్లాస్టిక్ దోమతెరను ఎలుక ఒక్క రాత్రిలో కొరికేస్తుంది. మూతకు రంధ్రాలు వద్దు, వాననీరు దిగుతుంది.

2. డ్రమ్మును ఇటుకలమీద నిలిపి కింద పళ్లెం పెట్టండి. ఎండ సూటిగా పడే చోటు కాక మెట్లగది గోడనీడ మంచిది. అద్దె ఇల్లైతే ఓనరుగారికి ముందుగా చెప్పి, పళ్లెం చూపించి పెట్టడం మేలు. మేడమీద మరకలు పడ్డాక చెప్పుకునేదానికంటే అది సులువు.

3. అడుగున నాలుగంగుళాల మందాన ఎండాకు, సన్నని పుల్లలు పరచండి. దానిమీద పాత కంపోస్టు గుప్పెడు చల్లండి.

4. రోజుచెత్తను అంగుళం, అంగుళంన్నర ముక్కలుగా కోసి వేయండి. అరటి గెల కాడ, కాలీఫ్లవర్ మొదలు, మొక్కజొన్న కండె వంటివి కోయకపోతే నెలల తరబడి అలాగే పడి ఉంటాయి. నీళ్లు కారుతున్న తొక్కలను జల్లెడలో ఒకపూట వంచి ఉంచండి.

5. ఒక గిన్నెడు తొక్కలకు అదే గిన్నెతో ఒకటిన్నర లేదా రెండు గిన్నెల నలిపిన ఎండాకు వేయండి. కోకోపీట్ అయితే ముప్పావు గిన్నె చాలు. పుచ్చకాయ, దోసకాయ, బూడిదగుమ్మడి వంటి నీటి కాయల రోజున మరొక గిన్నె కలపండి. ఆయుధపూజ మర్నాడు రోడ్లమీద పగిలిన గుమ్మడికాయలు తెచ్చేవారు కుంకుమ అంటిన ముక్కలను కడిగి, చిల్లర నాణేలు తీసి మరీ వేయాలి.

6. ఆ రోజు వేసినదంతా ఎండాకుతో కప్పి ముగించండి. ఒక్క తొక్క కూడా పైకి కనిపించకూడదు. వాసన, ఈగలు అనే రెండు ఫిర్యాదులూ ఈ ఒక్క మెట్టు దాటవేసినచోటే మొదలవుతాయి.

7. మూడు నాలుగు రోజులకొకసారి పైనున్న అడుగు లోతు వరకు కర్రతో కలిపి గుల్లచేయండి. రోజూ కలిపితే వేడి పోతుంది, అసలు కలపకపోతే గాలి అందదు.

8. తడిని పిడికిలితో చూడండి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో తడి మెరవాలి, ఒకటి రెండు చుక్కలకు మించి కారకూడదు. ధారగా కారితే ఎండాకు వేసి కలపండి, పిడికిలి విప్పగానే పొడిగా రాలిపోతే నీళ్లు చిలకరించండి.

9. డ్రమ్ము ముప్పావు వంతు నిండాక, చేతిలో పట్టేంత పాత కంపోస్టు చల్లి ఎండాకు మందంగా కప్పి పక్కన పెట్టండి, రెండవదానిలో మొదలుపెట్టండి. నలుగురున్న ఇంట్లో ఒక డ్రమ్ము నిండడానికి నెల, నెలన్నర పడుతుంది. అది కుంగుతూ పోతుంది కనుక నిండినట్టు కనిపించడం ఆలస్యమే. పక్కన పెట్టాక వారానికొకసారి కలుపుతూ మరో రెండు నెలలు మాగనివ్వాలి. డిసెంబరు, జనవరి చలిలో ఇంకో పదిహేను, ఇరవై రోజులు ఎక్కువ పడుతుంది.

సొంత 30×40 సైటులో నాలుగడుగుల నేల మిగిలినవారికి ఇంత పని లేదు. చెట్టు కొమ్మలు విస్తరించిన అంచుకు బయటగా అడుగున్నర లోతు గుంత తవ్వి, తొక్కలు, ఎండాకు పొరలుగా వేసి, పైన కనీసం ఆరంగుళాల మట్టి కప్పితే చాలు. అరటి, బొప్పాయిల దగ్గర ఇలాంటి గుంత ఎంతో మేలు చేస్తుంది. ఎలుకలున్న వీధిలో మట్టిపైన బరువైన బండ ఒకటి పెట్టండి.

తరచుగా జరిగే పొరపాట్లు

కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి అందక లోపల కుళ్లుతున్నదని అర్థం. పైపైన ఎండాకు చల్లితే అది తగ్గదు. డ్రమ్మును గోనెపట్టామీద గుమ్మరించి, ముద్దలు విడదీసి, మూడోవంతు ఎండాకు కలిపి మళ్లీ నింపాలి. ఆ పని ఒక గంట అప్రియమైనదే, కాని రెండు రోజుల్లో వాసన పోతుంది. కళ్లు మండించే ఘాటు వాసన, అంటే అమ్మోనియా, వస్తే నత్రజని ఎక్కువైంది. దానికీ మందు ఎండాకే, చింపిన అట్టముక్కలు ఇంకా మంచిది. పుల్లని వాసన మాత్రం తొలి వారంలో సహజం.

వాసనను చంపడానికని సున్నం, బూడిద, ఫినాయిల్ వేసేవారున్నారు. ఫినాయిల్ పడితే సూక్ష్మజీవులు చస్తాయి, ఎరువు ఆగిపోతుంది. సున్నం, బూడిద క్షారాన్ని పెంచి ఉన్న నత్రజనిని అమ్మోనియాగా గాలిలో కలిపేస్తాయి, అంటే వాసనను తగ్గించడానికి వేసినదే ఘాటును పెంచుతుంది.

పురుగుల గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది డబ్బా పారేసేది ఈ భయంతోనే. లావుగా, చదునుగా, గోధుమవన్నెలో మెల్లగా కదిలేవి నల్ల సైనికఈగ లార్వాలు. ఇవి కరవవు, రోగాలు తేవు. పెద్దదైన ఆ ఈగ వంటింట్లో అన్నంమీద వాలేది కూడా కాదు. చెత్తను అవి మనకంటే త్వరగా అరగిస్తాయి. తడి ఎక్కువైనప్పుడు, తొక్కలు బయటికి కనిపించినప్పుడు ఎక్కువవుతాయి కనుక వాటిని చూడడం ఇష్టం లేకపోతే ఎండాకు పెంచి కప్పండి, మందు కొట్టకండి. పైన తేలే తెల్లని బూజు మేలే చేస్తుంది. సన్నటి ఈగలు మూత తీయగానే లేస్తుంటే అవి మాగిన పండ్ల తొక్కలకు వచ్చేవి. కాకర, దోస కాయలను కుట్టి పాడుచేసే పండుఈగ వేరు, దానికి ఈ డబ్బాతో సంబంధం లేదు. చీమలు చేరితే మాత్రం డబ్బా ఎండిపోతోందన్నమాట.

పళ్లెంలోకి దిగిన నీటిని కొందరు అమృతంలా దాచుకుంటారు. అందులో పోషకాలున్న మాట నిజమే, కాని సగం కుళ్లిన పదార్థం కూడా ఉంటుంది. పదింతలు నీళ్లు కలిపి పండ్ల మొక్కల మట్టిలో పోయండి. కొత్తిమీర, పాలకూర వంటి ఆకుకూరలమీద పోయకండి. దుర్వాసన వస్తుంటే మొక్కలకే వద్దు. ఆ నీరు రోజూ దిగుతోందంటే అసలు డబ్బాలో ఎండాకు తక్కువైందని గుర్తించడం దానిని సీసాలో పట్టడంకంటే ఉపయోగకరం.

ఎరువు పండిందో లేదో చూసే విధం

రంగు చూసి మోసపోవద్దు. కాఫీపిప్పి ఎక్కువ వేసిన డబ్బా తొలి నెలలోనే నల్లబడుతుంది. చేతికి చల్లగా ఉండాలి, తొలివాన పడిన మట్టి వాసన రావాలి, మూలపదార్థం ఏదో గుర్తుపట్టలేనట్టుండాలి. గుడ్డుపెంకు, పుల్లముక్కలు కనిపించినా పరవాలేదు.

ఇంకా అనుమానముంటే గుప్పెడు తడి ఎరువును ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూసి మూడు రోజులు నీడన ఉంచి, విప్పి వాసన చూడండి. మట్టివాసనే వస్తే పండినట్టు, పుల్లగానో కుళ్లుగానో వస్తే మరో మూడు వారాలు ఆగాలి. విత్తనపరీక్ష అంతకంటే నమ్మకమైనది. రెండు చిన్న కప్పులు తీసుకుని, ఒకదానిలో సగం ఎరువు సగం మట్టి, మరొకదానిలో మట్టి మాత్రమే నింపి, రెంటిలోనూ పదేసి ఆవాలు చల్లి తడిగా ఉంచండి. ఎరువు కప్పులో మొలకలు తక్కువ వచ్చినా, వచ్చినవి పసుపుబారి వంగినా అది ఇంకా పచ్చిది.

పండిన ఎరువును జల్లెడ పట్టి, పైన మిగిలిన ముద్దలను తరువాతి డ్రమ్ములో వేయండి. అదే దానికి తోడు. వేసిన చెత్త బరువులో నాలుగో వంతో ఐదో వంతో ఎరువుగా మిగులుతుంది. తక్కువ వచ్చిందని అనుకోకండి, తొక్కల్లో ఎక్కువభాగం నీరే. టమాటా, గుమ్మడి, బొప్పాయి గింజలు ఈ ఎరువులో బతికే ఉంటాయి కనుక కుండీలో పిలవని మొలకలు వస్తే ఆశ్చర్యపోవద్దు. వాటిని పీకి వేరే చోట నాటినా కాస్తాయి, కాని హైబ్రిడ్ కాయ గింజ నుంచి తల్లిలాంటి కాయ వస్తుందని అనుకోకూడదు.

మొక్కలకు ఎలా, ఎంత

కొత్త కుండీకి మూడు పాళ్ల ఎర్రమట్టి, రెండు పాళ్ల కంపోస్టు, రెండు పాళ్ల కోకోపీట్, గుప్పెడు వేపపిండి సరిపోతాయి. ఇక్కడి నర్సరీలో ‘కెంపు మణ్ణు’ అంటే ఎర్రమట్టి, ‘బేవిన హిండి’ అంటే వేపపిండి ఇస్తారు. కోకోపీట్ దిమ్మను రెండుసార్లు నీళ్లు మార్చి నానబెట్టి పిండాలి, ఉప్పు పోతుంది. ఎంత మంచిదైనా కంపోస్టులోనే మొక్క నాటవద్దు. అది కుంగి గట్టిపడి నీరు నిలుస్తుంది. తడిసిన 20 లీటర్ల కుండీ సుమారు 25 కిలోల బరువు తూగుతుంది కనుక పెద్దవాటిని మేడ మధ్యలో కాక గోడల వెంట, దూలాల మీదుగా సర్దండి.

టమాటా, వంకాయ, మిరప, బీన్స్ వంటివాటికి పన్నెండంగుళాల కుండీలో మూడు నాలుగు వారాలకొకసారి రెండు గుప్పెళ్లు చాలు. పైమట్టి అంగుళంన్నర గీకి, కాండానికి తగలకుండా అంచులవైపు ఎరువు పరచి, తీసిన మట్టి కప్పి, నీళ్లు పోయాలి, పైన ఎండాకు పరచాలి. కాండానికి ఆనించి కుప్ప పోస్తే మొదలు కుళ్లు వస్తుంది. ఆకులు దట్టంగా, ముదురుపచ్చగా పెరుగుతూ పూత రాకపోతే ఎరువు ఎక్కువైనట్టే, ఒక నెల మానండి. పాత ఆకులు కిందినుంచి పసుపుబారుతుంటే తక్కువైనట్టు. బెంగళూరు వాతావరణానికి బీన్స్, టమాటా సులువుగా వస్తాయి. బెండకు పల్లాకు తెగులు బెడద ఎక్కువ కనుక దానిని తట్టుకునే అర్క అనామిక వంటి రకం వేయడం మంచిది.

నిమ్మ, దానిమ్మ, అంజూర, జామ వంటివాటికి కనీసం పద్దెనిమిది నుంచి ఇరవైనాలుగు అంగుళాల తొట్టి కావాలి. రెండు మూడు నెలలకొకసారి కిలో నుంచి కిలోన్నర కంపోస్టు, గుప్పెడు వేపపిండి వేయండి. పూత నిండుగా ఉన్నప్పుడు మట్టి గీకడం, ఎరువు వేయడం రెండూ ఆపండి. వేళ్లు కదిలినా, నీళ్లు ఒకరోజు ఎక్కువై ఒకరోజు తక్కువైనా పిందె రాలుతుంది, ఆ రాలుడును ఎరువుతో ఆపలేరు. రెండేళ్లకొకసారి వానకాలం మొదట్లో మొక్కను తీసి, చుట్టూ రెండంగుళాల వేరుముద్దను కోసి, కొత్త మిశ్రమంలో నాటితే తొట్టిలోని చెట్టు మళ్లీ పుంజుకుంటుంది.

తొక్కల నీళ్లు, పెంకుల పొడి వగైరా

వీటిమీద నాకు అంత నమ్మకం లేదు, కాని అడుగుతూనే ఉంటారు. అరటితొక్కలో పొటాషియం ఉన్నది నిజం. నానబెట్టిన నీటిలోకి దిగేది కొద్దిగానే, నత్రజని దాదాపు ఉండదు, మూడో రోజుకు వాసన, దోమలు తప్పవు. అదే తొక్కను డబ్బాలో వేస్తే పొటాషియం ఎక్కడికీ పోదు. గుడ్డుపెంకు సున్నపురాయి వంటిదే, ముక్కలుగా వేస్తే ఏడాది తరువాత కూడా మట్టిలో అలాగే కనిపిస్తుంది. ఎండబెట్టి మిక్సీలో మెత్తని పొడి చేసి డబ్బాలో చల్లండి. టమాటా కాయ అడుగు నల్లబడితే పెంకుపొడి వెతికేకంటే ముందు నీరు రోజూ ఒకే లెక్కన అందుతోందో లేదో చూడండి. మట్టిలో కాల్షియం ఉన్నా నీరు హెచ్చుతగ్గులైతే అది కాయదాకా చేరదు.

ఫిల్టరుకాఫీ పిప్పిని కుండీలో మందంగా పోస్తే పొరకట్టి నీటిని దిగనివ్వదు. డబ్బాలో వేసే చెత్తలో పదోవంతు మించకుండా ఉంటే చక్కటి సరుకు. బియ్యం కడుగునీళ్లు ఉప్పు పడనివైతే అదే పూట, వారానికి రెండుసార్లు పోయవచ్చు, నిలవబెడితే పులుస్తాయి. పుల్లమజ్జిగ ఒక పాలుకు తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపి, వడగట్టి, ఎండ తగిలే ఉదయంపూట చల్లితే దోస, బీర, గుమ్మడి ఆకులమీద బూడిదతెగులు మొదలవుతుండగానే తగ్గుతుంది. ఆకంతా తెల్లబడ్డాక ప్రయోజనం తక్కువ. పేనుబంక, పిండినల్లికి లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కుంకుడురసం చెంచాడు గిలకొట్టి సాయంత్రం ఆకుల అడుగున కొట్టాలి. ముందు ఒక కొమ్మమీద కొట్టి, రెండు రోజులు చూసి, ఆకు మాడకపోతేనే మొక్కంతటికీ వాడండి.

సంక్రాంతికి ఊరెళ్లేవారికి

పది, పన్నెండు రోజులు ఇల్లు వదిలి వెళ్లేముందు కొత్త తొక్కలు వేయడం రెండు రోజుల ముందే ఆపండి. డ్రమ్మును బాగా కలిపి, పిడికిలి పరీక్ష చేసి, నాలుగంగుళాల మందాన ఎండాకు కప్పి, మూతమీద ఇటుక పెట్టి వెళ్లండి. వచ్చేసరికి అరచేయి లోతు కుంగి ఉంటుంది, అంతే. కుండీలన్నిటినీ నీడలో దగ్గరదగ్గరగా చేర్చి, మట్టిమీద రెండంగుళాల ఎండాకు పరచి, వెళ్లే ఉదయం అడుగునుంచి నీరు కారేదాకా పోయండి. చలికాలం కనుక పెద్ద తొట్లు ఆ పది రోజులు తట్టుకుంటాయి, కొత్తిమీర, మెంతికూర తట్టుకోవు. వాటిని ముందురోజే కోసి వండుకోవడమో, పక్కింటివారికి ఇచ్చి మిగతా కుండీలకు మధ్యలో ఒకసారి నీళ్లు పోయమని అడగడమో చేయండి.